గీత బయటా ఆటే!

పిల్లల ఆటల్లో గెలుపోటములు స్కోరుబోర్డు తేలుస్తుంది. మరి ఆ పిల్లలు ఎలాంటి ఆటగాళ్లవుతారన్నది? అది సున్నపు గీతకు ఇవతల నిల్చున్న మన చేతుల్లో, మన నోట్లో ఉంది. స్కూలు పోటీల కాలంలో మామిడి సీమ నుంచి ఓ పరిశీలన.

నెట్ మీద బ్లాక్‌కి ఎగిరిన కుర్రాడి వేలి కొసను బంతి తాకీతాకనట్టు తాకి గీత అవతల పడింది. రిఫరీకి ఆ తాకిడి కనిపించలేదు. అవుట్ అని సైగ చేశాడు. పాయింటు కుర్రాడి జట్టుకే. చుట్టూ మూగినవాళ్లలో సగంమంది ఈలలేస్తున్నారు, మిగతా సగం ‘తొండి... తొండి’ అని అరుస్తున్నారు. బంతి తగిలిందని కచ్చితంగా తెలిసినవాడు ఆ గ్రౌండ్‌లో ఒక్కడే. వాడు రిఫరీ వైపు చూడడు. తన స్నేహితుల వైపు, తన పీఈటీ సార్ వైపు చూస్తాడు. సార్ కనుసైగతో ‘ఊరుకో’ అన్నాడనుకోండి, ఆ క్షణాన వాడికో పాఠం అందుతుంది. ‘చెప్పెయ్‌రా’ అన్నా అందుతుంది. పాఠాలు రెండూ బలమైనవే. ఏది అందాలన్నదే ప్రశ్న.

ఇలాంటి సన్నివేశానికి ఫలానా ఊరు, ఫలానా బడి అంటూ ఉండదు. వాలీబాల్ బదులు కబడ్డీ అనుకోండి. దుమ్ములో కూతకొచ్చినవాడి కాలు ఎవరికి తగిలిందో తగిలినవాడికి తెలుసు. ఖోఖోలో చొక్కా అంచుకు వేలు తగిలిందో లేదో పరుగెత్తేవాడికి తెలుసు. స్కూలు పోటీల్లో రీప్లేలు చూపే కెమెరాలుండవు, థర్డ్ అంపైర్ ఉండడు. అందుకే పెద్దల ఆటకన్నా పిల్లల ఆటలోనే నిజాయితీ అవసరం ఎక్కువ.

రసాల సీజన్ అయ్యాక

నూజివీడు అనగానే బయటివాళ్లకు రెండు గుర్తొస్తాయి. ఒకటి చిన్నరసాలు, పెద్దరసాలు. రెండోది 2008లో వచ్చిన ట్రిపుల్ ఐటీ. ఒకదానికి తోటలో పోటీ, మరోదానికి మార్కుల్లో పోటీ. మామిడి కోతలు ముగిసి, నున్న మార్కెట్‌కు వెళ్లే బళ్ల రద్దీ తగ్గి, బడులు తెరిచి చదువులు గాడిన పడ్డాక ఇక్కడ మూడో పోటీ మొదలవుతుంది. అదే ఎస్‌జీఎఫ్ ఆటల కాలం. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా 1954లో ఏర్పడింది. దాని నీడన మండలంలో మొదలైన పోటీలు మెట్టు మెట్టుగా జిల్లాకూ రాష్ట్రానికీ, ఆపై జాతీయ స్థాయికీ వెళతాయి. అండర్-14, 17, 19 అంటూ వయసుల వారీగా జట్లుంటాయి.

ఈ పోటీలకు టికెట్లుండవు, గ్యాలరీలుండవు. సున్నంతో గీసిన గీత, దాని చుట్టూ జనం. ఆడని పిల్లలు, పాత విద్యార్థులు, బండి ఆపి ఓ పది నిమిషాలు చూసి వెళదామనుకున్న రైతులు, పిల్లాడికి క్యారేజీ తెచ్చిన తల్లి... అంతా ఆటగాడికి అడుగు దూరంలోనే ఉంటారు. పెద్ద స్టేడియంలో లక్షమంది అరిచినా అది ఒకే హోరు. ఇక్కడ అలా కాదు. ఎవరు ఏమన్నారో పిల్లాడికి పేరుతో సహా వినిపిస్తుంది. ‘ఒరేయ్, వాడి కాలు పట్టుకు లాగెయ్’ అన్నది మేనమామ గొంతని వాడికి తెలుసు.

ఉదయం ప్రత్యర్థి, సాయంత్రం తోటి ఆటగాడు

స్కూలు పోటీల నిర్మాణంలోనే ఒక చమత్కారం ఉంది. మండల స్థాయిలో బడికీ బడికీ పోటీ. అది ముగియగానే బాగా ఆడినవాళ్లను ఏరి మండల జట్టు కడతారు. అంటే ఉదయం ఎదురు కోర్టులో ఉన్నవాడితో సాయంత్రానికి ఒకే జట్టులో ఆడాలి. ఆగిరిపల్లి పిల్లలు, ముసునూరు పిల్లలు, చాట్రాయి పిల్లలు, నూజివీడు పిల్లలు ఇవాళ తలపడొచ్చు. పై మెట్టు ఎక్కేసరికి వాళ్లలో మెరికలంతా ఒకే రంగు జెర్సీ వేసుకుంటారు. పొద్దున ‘వీడొట్టి తొండోడు’ అని పదిమందిలో అరిచిన నోటితోనే రాత్రి బస్సులో ‘కాస్త జరగరా’ అని అడగాలి.

అసలు గీతలు గీసేదీ చెరిపేదీ పెద్దలే. 2022 ఏప్రిల్‌కు ముందు నూజివీడు కృష్ణా జిల్లా. జిల్లాల పునర్విభజనతో ఏలూరు జిల్లాలో కలిసింది. ఒక్క ఉత్తర్వుతో పొరుగువాళ్లు మనవాళ్లయ్యారు, మనవాళ్లు పొరుగువాళ్లయ్యారు. ‘మనోళ్లు, వాళ్లు’ అన్న విభజన ఇంత పలచనిదని తెలిశాక, దాని పేరున పదమూడేళ్ల పిల్లాణ్ని తిట్టడంలో అర్థమేముంది?

ప్రత్యర్థి లేకపోతే ఆటే లేదన్నది మరో నిజం. కూతకు వెళ్లేవాడికి ఎదుట ఏడుగురు గట్టిగా నిలబడితేనే వాడి సత్తా తేలేది. గట్టి ప్రత్యర్థి మన ఆటకు సానపెడతాడు. ఆట అయ్యాక చెయ్యి కలపడం అందుకే. ముఖం పక్కకు తిప్పుకుని వేళ్లు తాకించి వెళ్లిపోతే కలిపినట్టు కాదు. కళ్లలోకి చూసి ‘బాగా ఆడావు’ అనాలి. ఇది కూడా సాధన చేయించాల్సిన విషయమే.

ఎదిరించడానికీ ఓ పద్ధతి

‘క్రీడాస్ఫూర్తి’ అనగానే చాలామందికి తలొంచుకు ఊరుకోవడమే గుర్తొస్తుంది. అన్యాయం జరిగినా నోరెత్తకూడదేమో అనుకుంటారు. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి ఆ అపోహను అందరి ఎదుటా చెరిపేసింది.

2023 అక్టోబరు 1. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మహిళల 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. పక్క వరుసలోని చైనా అథ్లెట్ వూ యాన్ని తుపాకీ మోగకముందే కదిలింది. అధికారులు ఆమెతో పాటు జ్యోతినీ తప్పించబోయారు. సొంతగడ్డ మీద ఆడుతున్న ప్రత్యర్థి, చుట్టూ పరాయి జనం, ఏళ్ల శ్రమ కళ్లముందే జారిపోతున్న ఘడియ. జ్యోతి అరవలేదు, అలిగి వెళ్లిపోలేదు. తాను ముందు కదల్లేదని అధికారులకు చెప్పింది, వీడియో చూడమంది, మాట మీద నిలబడింది. చివరికి ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. ఆ గందరగోళం తర్వాత కూడా 12.91 సెకన్లలో మూడో స్థానంలో గీత దాటింది. తర్వాత సమీక్షలో వూ యాన్నిని అనర్హురాలిగా ప్రకటించడంతో జ్యోతి కంచు పతకం వెండి పతకమైంది. నిబంధన తెలిసి, గొంతు అదుపులో పెట్టుకుని, అడగాల్సినవాళ్లనే అడగడం. మన బడిపిల్లలు నేర్చుకోవాల్సిన నిరసన అది.

అడిగినా అన్నిసార్లూ న్యాయం దొరకదు. 2022 ఏప్రిల్‌లో మనీలాలో ఆసియా బ్యాడ్మింటన్ చాంపియన్‌షిప్ సెమీఫైనల్. జపాన్‌కు చెందిన యమగుచి మీద పీవీ సింధు తొలి గేమ్ గెలిచింది, రెండో గేమ్‌లో 14-11తో ఆధిక్యంలో ఉంది. సర్వీస్ ఆలస్యం చేసిందంటూ అంపైర్ ఒక పాయింటు యమగుచికి ఇచ్చేశాడు. ప్రత్యర్థి సిద్ధంగా లేదని సింధు వాదించింది, రిఫరీని అడిగింది. లాభం లేకపోయింది. తర్వాతి రెండు గేములూ చేజారాయి. ఆమె కళ్లనీళ్లతోనే కోర్టు వదిలింది గానీ మ్యాచ్ మధ్యలో రాకెట్ పడేసి వెళ్లిపోలేదు. పద్ధతి ప్రకారం ఫిర్యాదు చేసింది. నెలల తర్వాత ఆసియా బ్యాడ్మింటన్ సాంకేతిక కమిటీ అధ్యక్షుడు పొరపాటు ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. ఫలితం మారలేదు. కానీ తప్పు ఎవరిదో రికార్డుకెక్కింది.

స్కూలు మ్యాచ్‌లోనూ ఇదే దారి. అడిగేది కెప్టెన్ ఒక్కడే, అడిగేది రిఫరీనే, అడిగేది ఒక్కసారే. తేలకపోతే మాస్టారు రాతపూర్వకంగా ప్రొటెస్ట్ ఇస్తారు. జట్టు మాత్రం ఆట కొనసాగిస్తుంది. ‘మేం ఆడం’ అని పిల్లల్ని కోర్టులోంచి బయటికి పిలిచే పెద్దమనిషి వాళ్లకు నేర్పేది ఆత్మగౌరవం అనుకుంటాడు. నిజానికి ఆయన వాళ్ల చేతిలోని ఆటను లాగేసుకుంటున్నాడు.

నిజాయితీకి ఖరీదుంది

తప్పు ఒప్పుకుంటే ఎప్పుడూ మంచే జరుగుతుందని పిల్లలకు చెప్పడం అబద్ధం. 1980 ఫిబ్రవరిలో బొంబాయిలో జరిగిన భారత క్రికెట్ బోర్డు స్వర్ణోత్సవ టెస్టు చూడండి. ఇంగ్లండ్ 58 పరుగులకే అయిదు వికెట్లు పోగొట్టుకుని కష్టాల్లో ఉంది. వికెట్‌కీపర్ బాబ్ టేలర్‌ను అంపైర్ అవుటిచ్చాడు. బంతి బ్యాట్‌కు తగల్లేదని అనిపించిన భారత కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్ అతణ్ని వెనక్కి పిలిచాడు. టేలర్, బోథమ్ కలిసి 171 పరుగులు జోడించారు. ఇంగ్లండ్ పది వికెట్ల తేడాతో గెలిచింది. విశ్వనాథ్ చేసిన పనికి మ్యాచ్ మూల్యమైంది. అయినా ఆ టెస్టు అనగానే నలభై అయిదేళ్లుగా జనం చెప్పుకొనేవి రెండే: బోథమ్ ఆటతీరు, విశ్వనాథ్ పిలుపు.

ఓడిపోవచ్చని తెలిసీ ఆ పని చేయడంలోనే దాని విలువ ఉంది. ‘నువ్వు చెప్పడం వల్లే ఓడిపోయాం’ అని మ్యాచ్ అయ్యాక తోటి పిల్లలు నిజం చెప్పిన కుర్రాణ్ని దెప్పుతారు. ఆ పూట వాడి పక్కన నిలబడాల్సింది మాస్టారు. వాడి నిజాయితీకి వాడు పాయింటు చెల్లించాడు. మనం కనీసం ఓ మెచ్చుకోలు మాటైనా చెల్లించకపోతే రెండోసారి వాడు నోరు విప్పడు.

ఓటమిని మోయడమూ నేర్చుకోవాల్సిన విద్యే. 2016 ఆగస్టు 19న రియో ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ ఫైనల్లో తొలి గేమ్ గెలిచి కూడా సింధు స్పెయిన్‌కు చెందిన మారిన్ చేతిలో ఓడింది. గెలిచిన మారిన్ కోర్టులో కూలబడి ఏడుస్తుంటే సింధు అవతలి వైపు నడిచి వెళ్లి ఆమెను హత్తుకుంది. నేల మీద పడి ఉన్న మారిన్ రాకెట్ తీసి ఆమె సంచి దగ్గర పెట్టింది. ఒలింపిక్ స్వర్ణం చేజారిన కొన్ని నిమిషాల్లోనే చేసిన పని అది. ఇరవై ఒక్కేళ్ల అమ్మాయికి ఆ చెయ్యి అలా కదలాలంటే చిన్నప్పటి నుంచీ ఎన్ని ఓటముల తర్వాత ఎన్నిసార్లు చెయ్యి కలిపి ఉండాలి!

జనం గెలిచిన రోజులు, ఓడిన రోజులు

ఇక గీతకు ఇవతలి సంగతి. 1999 జనవరి 31న చెన్నై చెపాక్‌లో పాకిస్థాన్ మీద 271 పరుగుల లక్ష్యంతో ఆడుతున్న భారత్ 258 దగ్గర ఆగిపోయింది. నడుం నొప్పితో సచిన్ చేసిన 136 పరుగులు వృథా అయ్యాయి. పన్నెండు పరుగుల తేడాతో ఓటమి. నిశ్శబ్దమైపోయిన స్టేడియం కాసేపటికి లేచి నిలబడి పాకిస్థాన్ జట్టుకు చప్పట్లు కొట్టింది. ఆ జట్టు మైదానమంతా తిరిగి అభివాదం చేసింది. మూడేళ్ల ముందు కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో జరిగింది దీనికి పూర్తి భిన్నం. 1996 మార్చి 13న ప్రపంచకప్ సెమీఫైనల్లో భారత్ 120/8 వద్ద ఉండగా జనం సీసాలు విసిరారు, స్టాండ్లలో నిప్పు పెట్టారు. రిఫరీ క్లైవ్ లాయిడ్ మ్యాచ్‌ను శ్రీలంకకు ఇచ్చేశాడు. ఓడింది జట్టు. తలవంపులు తెచ్చింది జనం.

తెలుగునేలకు దగ్గరి కథ మరొకటుంది. హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసి, భారత ఫుట్‌బాల్ కోచ్‌గా ఎదిగినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1962 సెప్టెంబరు 4న జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో ఆయన జట్టు దక్షిణ కొరియాను ఎదుర్కొంది. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆతిథ్య దేశం రానివ్వకపోవడాన్ని భారత అధికారి జీడీ సోంధి తప్పుపట్టడంతో అక్కడి జనం భారత్ మీద మండిపడుతున్నారు. స్టేడియం మొత్తం మన జట్టును గేలి చేసింది. ఆ హోరులో భారత్‌కు జేజేలు కొట్టినవాళ్లు పాకిస్థాన్ హాకీ ఆటగాళ్లని మన ఫుట్‌బాలర్లు తర్వాత చాలాసార్లు గుర్తుచేసుకున్నారు. అవే క్రీడల్లో హాకీ ఫైనల్లో మనల్ని ఓడించిన జట్టది! భారత్ 2-1తో గెలిచి స్వర్ణం అందుకుంది. గుప్పెడుమంది ప్రేక్షకులు ఏం చేయగలరని అడిగేవాళ్లకు ఇదే జవాబు.

జపాన్ అభిమానులది ఇంకో దారి. 1998 ప్రపంచకప్ నుంచీ వాళ్లు గెలిచినా ఓడినా మ్యాచ్ అయ్యాక స్టాండ్లలో చెత్త ఏరి సంచుల్లో నింపి మరీ వెళుతున్నారు. తమ తరగతి గదులు తామే ఊడ్చుకునే బడి అలవాటు వాళ్లను అక్కడిదాకా నడిపించింది. మన గ్రౌండ్లలో పోటీలయ్యాక మిగిలే వాటర్ ప్యాకెట్లనూ బిస్కెట్ కాగితాలనూ మర్నాడు ఎవరు ఏరుతున్నారో ఓసారి చూస్తే చాలు.

పిల్లల ఆటల్లో పెద్దల నోటిదురుసు మన ఒక్కరి జబ్బే కాదు. 1999లో అమెరికాలోని ఒహాయోలో ఓ బాలికల సాకర్ లీగ్ తల్లిదండ్రుల అరుపులు భరించలేక ఒక వారాంతం ‘నోళ్లు మూసుకుని చూడండి’ అని నియమం పెట్టింది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం 2008లో ‘రెస్పెక్ట్’ పేరిట కార్యక్రమం మొదలుపెట్టి, ప్రేక్షకులు దాటకుండా గ్రౌండ్ పక్కన తాడు కట్టించింది. అమెరికా హైస్కూలు పోటీల్లో 2018-19 నుంచి మూడేళ్లలో దాదాపు 50 వేలమంది రిఫరీలు తప్పుకున్నారని అక్కడి జాతీయ సమాఖ్య వాపోయింది. వాళ్లు చెప్పిన పెద్ద కారణాల్లో ఒకటి తిట్లు. మన దగ్గర స్కూలు మ్యాచ్‌కి విజిల్ పట్టేది చాలాసార్లు పక్క బడి పీఈటీనే. ‘రిఫరీ అమ్ముడుపోయాడు’ అని ఊళ్లో పెద్దాయన అరిస్తే, మర్నాడు తరగతిలో ఆ మాస్టారి మాటకు ఏం విలువ మిగులుతుంది?

పండును పిందెగా చూపించే విద్య

కోర్టులో జరిగే తొండి కంటికి కనిపిస్తుంది. కాగితం మీద జరిగేది కనిపించదు. అండర్-14 జట్టులో మీసం మొలుస్తున్న కుర్రాడు ఎలా వచ్చాడో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. మామిడి సీమలో కార్బైడ్ పేరెత్తితే రైతుకు ఒళ్లు మండుతుంది. పచ్చికాయను పండుగా చూపించే మోసమది. దొంగ పుట్టినతేదీ పండును పిందెగా చూపిస్తుంది. తేడా అంతే.

ఆ మోసంలో పిల్లాడి వాటా తక్కువ. తేదీ మార్పించేది తండ్రి, సంతకం పెట్టేది పెద్దవాళ్లు, మెడల్ కోసం ఊరుకునేది బడి. కానీ నష్టపోయేది ఇద్దరు పిల్లలు. నిజమైన వయసుతో వచ్చి బలం చాలక ఓడినవాడు ఒకడు. పెద్ద ఒంటితో చిన్నవాళ్లను గెలుస్తూ నైపుణ్యం నేర్చుకోకుండానే పైకెళ్లి, అక్కడ తన ఈడువాళ్లు ఎదురుపడగానే చతికిలబడేవాడు మరొకడు. ఈ బెడద తెలిసే కేంద్ర క్రీడా శాఖ 2010లో వయసు మోసాల మీద జాతీయ నియమావళి తెచ్చింది. క్రికెట్ బోర్డు కుర్రాళ్ల మణికట్టు ఎముకలను ఎక్స్‌రే తీసి వయసు అంచనా వేస్తోంది. 2020లో అదే బోర్డు ఓ వెసులుబాటు ఇచ్చింది: తమంతట తాము నిజం ఒప్పుకున్నవాళ్లకు శిక్ష ఉండదు, దాచి దొరికితే రెండేళ్ల నిషేధం. ఒప్పుకోవడానికి తలుపు తెరిచి ఉంచడం మంచి పద్ధతి. బడుల్లోనూ అది పనికొస్తుంది.

అలవాటుగా మారాలంటే

నీతి పాఠం చెబితే క్రీడాస్ఫూర్తి రాదు. సర్వీస్ లాగే, ఖో ఇవ్వడం లాగే దాన్నీ రోజూ ఆడించాలి. అంతర్జాతీయ వాలీబాల్ సమాఖ్య 2023 నేషన్స్ లీగ్‌లో ‘గ్రీన్ కార్డు’ తెచ్చింది. ప్రత్యర్థి చాలెంజ్ కోరినప్పుడు వీడియో చూడకముందే ‘బంతి నాకు తగిలింది’ అని ఒప్పుకున్న ఆటగాడికి రిఫరీ ఆ కార్డు చూపి మెచ్చుకుంటాడు. కబడ్డీలో అదే రంగు కార్డు హెచ్చరిక! వాలీబాల్‌లో శిక్ష పక్కనే మెప్పుకూ చోటిచ్చారు. మన మండల పోటీలకు ఆ కార్డు ఖర్చు ఓ అట్టముక్క, కాస్త రంగు.

బడిలో వారానికో రోజు రిఫరీ లేకుండా ఆడించొచ్చు. ఎవరి ఫౌల్ వాళ్లే చెప్పుకోవాలి. మొదటి వారం గొడవలే గొడవలు. కొన్ని వారాలయ్యేసరికి తొండి చేసేవాణ్ని పిల్లలే ఆటలోకి పిలవరు. అరిచే పిల్లాడికి విజిల్ ఇచ్చి ఒక సెట్ రిఫరీగా నిలబెట్టడం ఇంకో మందు. రెండు వైపుల నుంచీ తిట్లు పడ్డాక వాడి గొంతు దానంతటదే తగ్గుతుంది.

ఇవి పాటిద్దాం

ఆటగాళ్లు
• తగిలితే తగిలిందని చెయ్యెత్తు. రిఫరీ అడిగేదాకా ఆగకు.
• అభ్యంతరం ఉంటే కెప్టెన్ ద్వారా, ఒక్కసారి, గొంతు పెంచకుండా చెప్పు.
• పడిపోయిన ప్రత్యర్థికి చెయ్యి అందించు. వాడు పడింది నీ వల్లయినా, కాకపోయినా.
• గెలిచినప్పుడు ఓడినవాళ్ల ముఖం మీద గంతులేయకు. ఓడినప్పుడు బస్సు ఎక్కేముందు చెయ్యి కలిపి వెళ్లు.
• తప్పు చేసిన తోటి ఆటగాణ్ని అందరి ముందూ తిట్టకు. తర్వాతి బంతి వాడికే రావొచ్చు.

ప్రేక్షకులు
• మనవాళ్ల పేర్లు పిలిచి ఉత్సాహపరచండి. ఎదుటివాళ్ల పేర్లు, కులం, ఊరు, రంగు, ఒళ్లు మాటల్లోకి రానివ్వకండి.
• ఆడపిల్లల మ్యాచ్‌లో వెకిలి వ్యాఖ్య వినిపిస్తే పక్కనున్నవారే ఆపండి.
• ఎదుటి జట్టు మంచి పాయింటు సాధిస్తే చప్పట్లు కొట్టండి. మీ పిల్లలు చూస్తున్నారు.
• ఎలా ఆడాలో చెప్పడం కోచ్ పని. గీత బయటి నుంచి సూచనలు వద్దు.
• ఇంటికెళ్లాక మొదట అడగాల్సింది ‘గెలిచారా’ అని కాదు, ‘ఆట ఎలా సాగింది’ అని.

పీఈటీలు, హెడ్మాస్టర్లు
• మ్యాచ్‌కు ముందు ఇద్దరు కెప్టెన్లనూ, ఇద్దరు మాస్టార్లనూ కలిపి నిబంధనలు ఒకసారి చదివించండి.
• ప్రేక్షకులకు గీత నుంచి నాలుగడుగుల దూరంలో తాడు కట్టించండి.
• వయసు ధ్రువపత్రాలు జట్టు ప్రకటించకముందే సరిచూడండి.
• నిజం ఒప్పుకున్న పిల్లాడి పేరు మర్నాడు ప్రార్థన సమావేశంలో చదవండి.

ఇవన్నీ ఒక్క ఏడాదిలో జరిగేవి కాకపోవచ్చు. ఒక్కటి మాత్రం ఈ సీజన్‌లోనే చేయొచ్చు. నూజివీడు ప్రాంతంలో జరిగే ప్రతి స్కూలు పోటీలోనూ విజేత, రన్నరప్ కప్పుల పక్కన మూడో కప్పు పెట్టండి. ‘మర్యాదగా ఆడిన జట్టు’ అని దాని మీద రాయించండి. దానికి మార్కులు రిఫరీలు, ఎదుటి జట్టు కెప్టెన్లు వేయాలి. జట్టు ఆటతో పాటు ఆ జట్టు వెంట వచ్చిన జనం తీరునూ లెక్కలోకి తీసుకోవాలి. అరిచిన బాబాయి వల్ల బడికి రావాల్సిన కప్పు పోయిందని తెలిసిన రోజున, వచ్చే ఏడాది ఆ బాబాయి నోటిని ఇంట్లో పిల్లలే అదుపులో పెడతారు. ఆ కప్పు విజేత కప్పు కన్నా అంగుళమైనా పొట్టిగా ఉండకూడదు. పిల్లలు ఎత్తు చూసే విలువ కడతారు.